ఒంటరిగా వస్తే ఇవ్వకండి

బ్యాంకు గార్డుకు ఆదివారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక వెనక గదిలో చాప పరుచుకుని, తుపాకీ విప్పి, గొట్టాలు తుడిచి నూనె పెట్టుకోవడం ఇరవై రెండేళ్లుగా అతని అలవాటు. అది బ్యాంకు ఇచ్చింది కాదు. అతని పేరు మీద లైసెన్సున్న సొంత జోడు గొట్టాల తుపాకీ. దాన్ని చూపించే ఉద్యోగంలో చేరాడు. భార్య టైలరు. ముందు గదే ఆమె దుకాణం. గోడకు అటు కుట్టు మిషను చప్పుడు, ఇటు నూనె వాసన. వాళ్ల ఆదివారాలు అలాగే గడిచేవి.

ఆ ఆదివారం ఉన్నట్టుండి మిషను ఆగింది. దారం తెగి ఉంటుంది. ఆ నిశ్శబ్దానికి అతను ఉలిక్కిపడి చూసుకున్నాడు. తుడవడం ఎప్పుడో అయిపోయింది. తుపాకీ మళ్లీ బిగించి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. పక్కన చాప మీద రెండు తూటాలున్నాయి. తుడవడానికి తూటాలతో పనిలేదు. అవి బీరువా పై అరలో, తాళం వేసిన రేకు పెట్టెలో ఉంటాయి. లేచి, తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, రెండే రెండు ఏరి తెచ్చుకోవడం అతనికి గుర్తుంది. ఎందుకు తెచ్చుకున్నాడో కూడా గుర్తుంది.

మిషను మళ్లీ మొదలైంది. అతను తూటాలు పెట్టెలో పడేసి, పెట్టెను చేతిసంచిలో వేసి, తుపాకీని కాన్వాసు తొడుగులోకి దూర్చి ముందు గదిలోకి వచ్చాడు.

"రిపేరుకిచ్చొస్తా," అన్నాడు.

"ఆదివారం పూటా?" అంది భార్య తలెత్తకుండానే.

"ఆ తుపాకులు బాగుచేసే పెద్దాయనకి ఆదివారం లేదు, సోమవారం లేదు."

"సరే అయితే. వచ్చేటప్పుడు నల్ల దారం రీలు ఒకటి పట్టుకురండి."

అతను సరేనన్నాడు. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. మామూలుగా అతను నోట్లో నాలుక లేని మనిషి.

ఊళ్లో మాత్రం అతన్ని అందరూ హీరో అంటారు. రెండేళ్ల కిందట ఒక యువకుడు ముఖానికి గుడ్డ కట్టుకుని బ్యాంకులోకి వచ్చి, క్యాషియరు కిటికీలోకి పిస్తోలు పెట్టాడు. గార్డు ఆగమని ఒకసారి అరిచాడు. వాడు ఆగకుండా పిస్తోలు పట్టుకునే ఇటు తిరిగాడు. గార్డు మోకాలి కిందికి గురిపెట్టి కాల్చాడు. ఉద్యోగంలో చేరాక అతను కాల్చింది అదొక్కసారే. యువకుడు బతికాడు గానీ కుడికాలు తీసేయాల్సి వచ్చింది. తీరా చూస్తే వాడి చేతిలోది ఆటబొమ్మ.

బ్యాంకువాళ్లు శాలువా కప్పారు, ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి బ్యాంకులోనే గోడకు తగిలించారు. కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వెళ్లినప్పుడు ఆ యువకుడి తల్లి ఎదురు బెంచీ మీద కూర్చుని ఉంది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అతని ముఖం వైపైనా చూడలేదు. బల్ల మీద సాక్ష్యంగా పెట్టిన అతని తుపాకీనే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత అతనికి నిద్ర కరువైంది. అన్నం సయించేది కాదు. "హీరో గారూ, బాగున్నారా?" అని ఎవరైనా పలకరిస్తే బాగున్నానని నవ్వేవాడు. ఇదంతా ఎవరితోనూ అనలేదు. ఇంట్లోనూ అనలేదు.

తుపాకులు బాగుచేసే పెద్దాయన దుకాణం ఒక సందు మలుపులో ఉంది. ఇద్దరు పక్కపక్కన నిలబడితే మూడోవాడికి చోటుండదు. గోడకు ఆకురాళ్లూ, స్క్రూడ్రైవర్లూ వరసగా వేలాడుతుంటాయి. వెనక గోడలోకి బిగించిన ఇనప బీరువాకు రెండు తాళాలు. పెద్దాయనకు డెబ్బై దాటాయి. భూతద్దం ఒకటి నుదుటికి కట్టుకుని మూడో కన్నులా తిరుగుతుంటాడు.

"ఏమైంది దీనికి?" అన్నాడు తుపాకీ అందుకుంటూ.

"ట్రిగ్గరు నొక్కితే గుర్రం సరిగ్గా పడట్లేదు. ఒకసారి చూడండి. తొందరేం లేదు. రెండు మూడు నెలలు ఉంచుకున్నా ఫర్లేదు."

పెద్దాయన గొట్టాలు మడిచి ఖాళీగా ఉన్నాయని చూసుకుని, భూతద్దం దించి, అన్నీ తడిమి చూశాడు. రెండుసార్లు గుర్రం ఎక్కించి దించాడు.

"నిక్షేపంగా ఉందయ్యా. నా దగ్గరకొచ్చే తుపాకుల్లో సగానికి ఏ జబ్బూ ఉండదు. జబ్బంతా యజమానులకే," అని నవ్వాడు.

గార్డు నవ్వలేదు. పెద్దాయన భూతద్దం పైకి నెట్టి అతని ముఖంలోకి చూశాడు. చూసి, తుపాకీని బల్ల మీద తన వైపు పెట్టుకున్నాడు.

"కూర్చో," అన్నాడు. "ఊరెళ్లేవాళ్లు, ఇల్లు మారేవాళ్లు తుపాకీ నా దగ్గర దాచుకోవడం మామూలే. రిజిస్టర్లో రాసుకుని, స్టేషనుకి ఒక కాగితం పంపిస్తాను. ఏమైనా ఊరెళ్తున్నావా?"

"లేదండీ." గార్డు కాన్వాసు తొడుగు మడతపెట్టాడు. "ఎక్కడికీ వెళ్లిపోకూడదనే తెచ్చాను."

పెద్దాయన లేచి దుకాణం తలుపు సగం మూసి వచ్చి కూర్చున్నాడు. ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో టీ పోశాడు.

"పదేళ్ల కిందట ఒకాయన ఇలాగే రిపేరని పట్టుకొచ్చాడు. ఏ లోపమూ లేదు, తీసుకుపొమ్మన్నాను. నిజాయితీగా చెప్పానని లోపల్లోపల గర్వం కూడా. నాలుగో రోజు స్టేషనువాళ్లు ఆ తుపాకీ గుర్తుపట్టడానికి నన్ను పిలిచారు." ఆయన టీ తాగలేదు, కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. "ఇంట్లో తెలుసా?"

"తెలీదు."

"డాక్టరు దగ్గరికి?"

"వెళ్లలేదు. నాకేం పిచ్చా?"

"పిచ్చోడికి ఇక్కడికి రావాలని తోచదు. కాలు విరిగితే కట్టు కట్టించుకోమా? ఇదీ అంతే," అంటూ సొరుగులోంచి తెల్లకాగితం తీశాడు. "తుపాకీ ఉంచుతాను. ఎన్నాళ్లయినా సరే. ఇది నీదే, ఎవరూ లాక్కోవడం లేదు. కానీ ఒక్క షరతు. తిరిగి అడగడానికి నువ్వు ఒక్కడివీ రాకూడదు. తోడు ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి కూడా సరేనంటేనే బీరువా తెరుస్తాను. ఎవరో నువ్వే రాయి. నీ చేత్తోనే రాయి."

గార్డు చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. ఎవరి పేరు రాస్తే వాళ్లకు చెప్పుకోవాలి. అన్నదమ్ములు లేరు. బ్యాంకులో ఉన్నవాళ్లకు అతను హీరో. చివరికి భార్య పేరు రాసి, ఫోన్ నంబరు వేసి, కింద ఇంకో వాక్యం రాశాడు: "నేను ఒంటరిగా వచ్చి అడిగితే ఇవ్వకండి." సంతకం పెట్టాడు. రేకు పెట్టె కూడా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. భుజం బోసిపోయినట్టు తేలిగ్గా ఉంటే, ఇంటికి నడుస్తున్నప్పుడు ఒకవైపు ఒరిగిపోతున్నట్టనిపించింది.

ఇంటికి వెళ్లేసరికి ఆమె జాకెట్టుకు హుక్సులు కుడుతోంది.

"దారం?"

"మర్చిపోయాను." అతను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "నీతో ఒక మాట చెప్పాలి. మధ్యలో ఆపకు. ఆపితే మళ్లీ చెప్పలేను."

ఆమె ఆపలేదు. అతను తూటాల సంగతి దగ్గర నుంచి కాగితం సంగతి దాకా అన్నీ చెప్పాడు. ఆమె చేతిలో సూది ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది. అతను ముగించాక, "ఈ గోడ అవతలేనా?" అంది.

"ఊఁ."

"నేను ఇక్కడ కూర్చుని కూనిరాగాలు తీస్తుంటే."

"నీ మిషను ఆగింది కాబట్టే..."

"నేనేం తక్కువ చేశానండీ?"

"అదే నాకు సిగ్గు. ఏం తక్కువైందని? అన్నీ ఉన్నాయి. ఉన్నా అలా అనిపిస్తుంటే ఎవరికి చెప్పుకోను?"

ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రెండేళ్లు పక్కన పడుకుని ఒక్క మాటైనా చెప్పనందుకు చెడామడా తిట్టింది. తిట్టడం అయ్యాక అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మర్నాడు దుకాణానికి తాళం వేసి తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ నిదానస్తురాలు. తుపాకీ ఎక్కడుందని ముందే అడిగింది. ఇంట్లో లేదని, తనే తీసుకెళ్లి ఇచ్చానని చెబితే, రాస్తున్న కలం ఆపి అతన్ని చూసింది. "మీరు చేసిన దానికంటే మంచి మందు నా దగ్గర లేదు," అంది. "ఇలాంటి గడియలు వస్తాయి, పోతాయి. పోయేదాకా చేతికి అందకుండా ఉండాలి, అంతే. మిగతాది నిదానంగా చూసుకుందాం." మాత్రలు రాసింది. వారానికోసారి వచ్చి మాట్లాడమంది.

మాత్రలు వేసుకోవడం కన్నా మేనేజరుకు చెప్పడం కష్టమైంది. తుపాకీ లేని గార్డంటే తాళం లేని తలుపు కదా. మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. గోడ మీది ఫ్రేము వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "మా అన్నయ్య విషయంలో మేం ఆలస్యం చేశాం," అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత ఇంకే ప్రశ్నా వేయలేదు. వేరే గార్డును పిలిపించుకుని, ఇతన్ని టోకెన్లు ఇచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఫారాలు నింపడం రానివాళ్లకు నింపిపెట్టడం కూడా అతని పనే. ఆ ఫ్రేమును ఎవరు తీశారో తెలియదు గానీ, వారం తిరిగేసరికి ఆ చోట వడ్డీ రేట్ల పట్టిక వేలాడుతోంది.

మూడు నెలలు గడిచాయి. నిద్ర కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. చదువుకున్నవాళ్లు కూడా చెక్కు మీద తేదీ తప్పు రాస్తారని తెలిసి అతనికి నవ్వొచ్చేది. ఇంటికెళ్లి భార్యకు చెప్పేవాడు. ఇక గండం గడిచిందని ఇద్దరూ అనుకుంటున్నారు.

ఒక రోజు పదకొండు గంటలప్పుడు ఒక పెద్దావిడ బల్ల దగ్గరకొచ్చింది.

"ఈ కాగితం కాస్త నింపిపెడతావా నాయనా? నాకు కళ్లు ఆనవు."

అతను తలెత్తి చూశాడు. కోర్టులో ఎదురు బెంచీ మీద కూర్చున్న తల్లి. అప్పటికన్నా సగం అయిపోయింది. ఆమె అతన్ని గుర్తుపట్టలేదు. ఆ రోజు ఆమె చూసింది తుపాకీనే.

అవిటివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే భత్యం కొడుకు ఖాతాలో పడేందుకు పెట్టే ఫారం అది. అతను వరసగా అడగాలి. అడిగాడు. కొడుకు పేరు, వయసు, ఎక్కడ ఉంటున్నాడు. జైల్లోంచి వచ్చి నెలయిందని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. ఏ అవయవం? కుడికాలు. ఏ సంవత్సరం? అక్కడ అడగకుండానే రాశాడు. వేలిముద్ర వేయించి, టోకెను చేతికిచ్చాడు.

"చల్లగా ఉండు నాయనా," అంది ఆమె.

శాపనార్థాలు పెట్టి ఉంటే తట్టుకునేవాడేమో. అతను లేచి, ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి, పావుగంట నడిచి పెద్దాయన దుకాణం ముందు నిలబడ్డాడు.

"నా తుపాకీ ఇవ్వండి."

పెద్దాయన అతని వెనక చూశాడు. ఎవరూ లేరు. "ఇవ్వను," అన్నాడు.

"అది నాది. లైసెన్సు నాది."

"నీదే. కాదన్నానా?"

"మళ్లీ గార్డు డ్యూటీలో వేస్తున్నారు. రేపటికల్లా కావాలి."

పెద్దాయన సొరుగులోంచి కాగితం తీసి బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టాడు. "ఈ రాత ఎవరిది?"

"అప్పుడు నా బుర్ర బాలేదు. అందుకే అలా రాశాను."

"కాదు నాయనా. అది బాగున్నవాడు రాసిన రాత. ఇప్పుడు నువ్వు చెప్పేది వినాలా, ఈయన చెప్పింది వినాలా? ఈయనకే మాటిచ్చాను."

"స్టేషనుకెళ్లి ఫిర్యాదు చేస్తాను."

"వెళ్దువు గానీ. వాళ్లకీ ఇదే చూపిస్తాను. తిడతావా? తిట్టు. కొడతావా? ముసలివాణ్ని, ఒక్క దెబ్బకే పడతాను. బీరువా మాత్రం తెరవను."

గార్డు బల్ల మీద గట్టిగా చరిచాడు. స్క్రూలు చిన్న గిన్నెలోంచి ఎగిరి చెల్లాచెదురయ్యాయి. పెద్దాయన కదల్లేదు. ఒక చేత్తో ఫోను అందుకుని, గార్డు చూస్తుండగానే కాగితం మీది నంబరు నొక్కాడు. "అమ్మా, మీవారు నా దగ్గరే ఉన్నారు. క్షేమంగానే ఉన్నారు. మీరు ఒకసారి రావాలి," అని పెట్టేశాడు.

గార్డు వెళ్లిపోదామని తిరిగాడు. గుమ్మం దగ్గరే మెట్టు మీద కూలబడి, చేతుల్లో ముఖం దాచుకున్నాడు. పెద్దాయన వచ్చి పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు.

"చల్లగా ఉండమందండీ నన్ను," అన్నాడు గార్డు. "నన్ను."

ఎవరు, ఏమిటని పెద్దాయన అడగలేదు. అతను తనంతట తనే చెప్పుకొచ్చాడు. కాలు గురించి, బొమ్మ పిస్తోలు గురించి, ఫారంలో తను అడగకుండానే రాసేసిన సంవత్సరం గురించి. అతని భార్య చెప్పుల్లేని కాళ్లతో వచ్చేసరికి ఇద్దరు మగవాళ్లూ మెట్టు మీద కూర్చుని, కింద పడ్డ స్క్రూలు ఏరి గిన్నెలో వేస్తున్నారు. గార్డు ఏడుస్తూ ఏరుతున్నాడు.

ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. మందు మార్చింది. రెండు వారాలు సెలవు రాసింది. ఆ రెండు వారాలూ భార్య మిషను పక్కనే అతని కుర్చీ వేసింది. కుట్లు విప్పే పని అప్పజెప్పింది. "తుపాకీ పట్టిన చెయ్యి, కత్తెర పట్టుకోలేదా?" అని వేళాకోళం చేసింది. అతను మొదటి రోజే ఎవరిదో కొత్త చొక్కా చంక దాకా చింపేశాడు.

తిరిగి ఉద్యోగానికి వెళ్లాక, ఆ తల్లి నెల నెలా వస్తూనే ఉంది. డబ్బు తీసుకునే ఫారం నెల నెలా అతనే నింపేవాడు. తనెవరో చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాడు. చెబితే ఎవరి బరువు దిగుతుందని డాక్టరమ్మ అడిగింది. తనదేనని అతనికి తట్టింది. చెప్పలేదు. అది సరైన పనో కాదో అతనికి ఇప్పటికీ తెలియదు.

మొత్తం పదకొండు నెలలయ్యాక డాక్టరమ్మ, అతను బాగున్నాడని, తుపాకీ విషయం ఇంట్లో ఇద్దరూ కలిసి ఆలోచించుకోవచ్చని ఉత్తరం రాసిచ్చింది. మేనేజరు కూడా, ఇష్టమైతే మళ్లీ గేటు దగ్గర డ్యూటీ ఇస్తానన్నాడు. ఒక ఆదివారం ఉదయం భార్యాభర్తలిద్దరూ దుకాణానికి వెళ్లారు. పెద్దాయన ఉత్తరం చదివి, సంతోషంగా తాళంచెవులు తీశాడు. ఒక తాళం తెరిచాడు. రెండో తాళంలో చెవి పెట్టి, షరతు ప్రకారం వెనక్కి తిరిగి ఆమెను అడిగాడు.

"నువ్వేమంటావమ్మా?"

"వద్దండీ," అంది ఆమె.

గార్డు తెల్లబోయాడు. ఇంట్లో సరేనంది. దారిలో కూడా సరేనంది. పెద్దాయన తెరిచిన తాళాన్ని మళ్లీ వేసేశాడు. "అయితే ఇక్కడే ఉంటుంది. దానికేం అన్నమా, నీళ్లా," అన్నాడు.

ఇద్దరూ సందు దాటి రోడ్డెక్కారు. గార్డుకు తల కొట్టేసినట్టుంది.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు చివరికి.

"ఉంది."

"డాక్టరమ్మే బాగయిందంది కదా."

"మీకు బాగయిందండీ." ఆమె నడక ఆపింది. "నాకే ఇంకా కాలేదు. మీరు రాత్రి మంచినీళ్లకు లేచినా మీ వెనకే మేలుకుంటాను. మీరొచ్చి పడుకున్నాక, నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంటాను. పగలు మిషను ఆపాలంటే భయం. దారం అయిపోయినా ఊరికే తొక్కుతుంటాను. ఆ తాళం తెరిచిన చప్పుడు వినేసరికి నోట్లోంచి వద్దనే వచ్చేసింది."

పదకొండు నెలలుగా తనను ఎంతమంది ఎలా ఉన్నావని అడిగారో అతనికి లెక్కలేదు. ఆమెను తనొక్కసారి కూడా అడగలేదు.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

"మీరు రెండేళ్లు ఎందుకు చెప్పలేదు?"

గేటు డ్యూటీ వద్దని, టోకెన్ల బల్లే బాగుందని మేనేజరుకు మర్నాడే చెప్పేశాడు. మంగళవారం సెలవు పెట్టి, ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. తనకేం జబ్బు అంటూ ఆమె దారంతా సణుగుతూనే వచ్చింది. లోపలికి మాత్రం ఒక్కతే వెళ్లింది.

అతను బయట బెంచీ మీద, ఆమె చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మొదట చాలాసేపు లోపలి నుంచి డాక్టరమ్మ గొంతే వినిపించింది. ఆ తర్వాత భార్య గొంతు మొదలైంది. మాటలు తెలియడం లేదు గానీ ఆగడం లేదు. గంట దాటింది. భోజనాల వేళయిందని, డాక్టరమ్మను పిలవాలని నర్సు తలుపు దగ్గరకొచ్చింది. గార్డు లేచి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంకాస్సేపు ఆగండమ్మా," అన్నాడు మెల్లగా. "ఇప్పుడిప్పుడే మాట్లాడుతోంది."